పిల్లలకు ఒక క్రీడాకారిణి కథ చెప్పాలంటే: ఒక పీఈటీ పద్ధతి

ఆగస్టు 29 దగ్గర పడుతోందంటే చాలు, హెచ్‌ఎం గారు స్టాఫ్‌రూమ్ గుమ్మంలోంచే "మేడం, క్రీడా దినోత్సవం నాడు పిల్లలకు ఓ పది నిమిషాలు మీరే చెప్పాలి" అనేస్తారు. బడిలో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని, నేనే కాబట్టి తప్పదు. ఆ పది నిమిషాలు చాలాచోట్ల ఎలా గడుస్తాయో మీకు తెలియంది కాదు. పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని మొదలుపెట్టి, ధ్యాన్‌చంద్ నుంచి సింధు దాకా ఓ పదిహేను పేర్లు గడగడా చదివేసి, మీరూ అలా ఎదగాలని ముగిస్తారు. వెనక వరుస పిల్లలు అప్పటికే ఇసుకలో పుల్లలతో గీతలు గీసుకుంటూ ఉంటారు. వాళ్లను తప్పు పట్టడానికేం లేదు. వాళ్ల చేతికి మనం ఇచ్చిందేమిటి గనక?

ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తూ నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. టీచర్లకనే కాదు, ఊళ్లో యూత్ క్లబ్ తరఫున మాట్లాడేవాళ్లకూ, అమెరికాలోనో దుబాయ్‌లోనో ఆదివారం తెలుగు బడి నడిపేవాళ్లకూ పనికొస్తుంది. ఖర్చు లేదు. ఒక విజిల్, ఒక స్టాప్‌వాచ్ (ఫోన్‌లోది చాలు), నాలుగు కర్రలు, కొన్ని బియ్యం బస్తాలు కావాలి.

ముందు ఒక్కరినే పట్టుకోండి

పది నిమిషాలకు ఒక మనిషి. ఆ మనిషి జీవితంలో ఒక్క అడ్డు. అంతకుమించి ఎత్తుకోవద్దు.

అడ్డు అంటే "ఎన్నో ఆటంకాలు ఎదుర్కొని" అనే మాట కాదు. అది విన్న పిల్లవాడి కళ్ల ముందు ఏ బొమ్మా కట్టదు. అడ్డును ఎంచుకునేటప్పుడు నన్ను నేను రెండు ప్రశ్నలు అడుగుతాను: వద్దన్నది ఎవరు? ఏమని వద్దన్నారు? ఈ రెండింటికీ జవాబు దొరక్కపోతే ఆ కథ ఆ ఏడాదికి పక్కన పెట్టేస్తాను.

ఒక్కోసారి వద్దనేది ఒక నియమం. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారికి ఎదురైంది అదే. ఒక్కోసారి ఊరి నోరు. పారాలింపిక్స్ రన్నర్ దీప్తి జీవాంజిని ఏడిపించింది అదే. నిఖత్ జరీన్ చిన్నప్పుడు నిజామాబాద్ గ్రౌండ్‌లో బాక్సింగ్ రింగ్ వైపు చూస్తే అక్కడ ఒక్క ఆడపిల్లా లేదు. ఎందుకు లేరని నాన్న జమీల్ అహ్మద్‌నే అడిగింది. ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన చెప్పారట. ఆ పిల్లకు ఆ జవాబు నచ్చలేదు. అడ్డు అంటే ఇలా ఒక్క వాక్యంలో పట్టుకోవాలి, పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకోగలిగేలా.

మీ ఊరికి దగ్గరి మనిషైతే మరీ మంచిది. మా పిల్లలకు ఆమదాలవలస రైల్వే స్టేషన్ తెలుసు. ఆ పక్కనే మల్లీశ్వరి గారి ఊరు ఊసవానిపేట అనగానే "మా పిన్నోళ్ల ఊరు అటే మేడం" అని ఒకడైనా లేస్తాడు. సగం పని అక్కడే అయిపోతుంది. వరంగల్ వైపు వాళ్లు దీప్తి ఊరు, పర్వతగిరి మండలం కల్లెడ నుంచి మొదలుపెట్టండి, నిజామాబాద్ వాళ్లకు నిఖత్ ఎలాగూ ఉంది. హైదరాబాద్ వాళ్లకైతే 1962 జకార్తా ఏషియాడ్‌లో మన ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ ఎస్.ఎ. రహీం ఉండనే ఉన్నారు. ఆయన్ని మన బళ్లలో తలచుకునేవాళ్లు తక్కువ.

మల్లీశ్వరి కథ నేనెలా చెబుతానంటే

మొదట నియమం చెప్తాను. బరువులెత్తే పోటీలు 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉన్నాయి, మగవాళ్లకు. ఆడవాళ్లకు ఎప్పుడు పెట్టారో చెప్పండంటే పిల్లలు 1920 అంటారు, 1950 అంటారు. జవాబు 2000. సిడ్నీలో. బోర్డు మీద రెండు సంవత్సరాలూ రాసి, తీసివేత వాళ్లనే చేయమంటాను. 104 ఏళ్లు. "అన్నేళ్లా!" అని ఎవరో ఒకరు అంటారు.

ఇప్పుడు ఆ నియమం పక్కన మనిషిని నిలబెడతాను. మల్లీశ్వరి గారు 1975లో పుట్టారు. నాన్న రైల్వే పోలీసు. అక్కచెల్లెళ్లందరూ బరువుల వైపు వెళ్లినవాళ్లే. నీలంశెట్టి అప్పన్న గారు నేర్పేవారు. ఈ పిల్ల మరీ బక్కపల్చగా ఉందని మొదట్లో ఆయన వద్దన్నారు, అమ్మ మాత్రం వెనక్కి తగ్గనివ్వలేదు. తర్వాత అక్కకు తోడుగా జాతీయ శిబిరానికి వెళ్తే అక్కడ లియోనిద్ తారానెంకో కంట్లో పడింది. బెలారస్ మనిషి, 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత, 1988లో 266 కిలోలు తలపైకి ఎత్తినవాడు. అలాంటివాడు ఒక పిల్లను చూసి ఈమెలో సత్తా ఉందన్నాడంటే అది చిన్న మాట కాదు. ఇదంతా ఒక నిమిషంలో చెప్పేయండి. బాల్యం దగ్గరే కూర్చుంటే అసలు కథ దాకా పోలేం.

అసలు కథ 1994లో మొదలవుతుంది. ఇస్తాంబుల్‌లో 54 కిలోల విభాగంలో (ఇది ఎత్తేవాళ్ల ఒంటి బరువు లెక్క) ప్రపంచ విజేత. 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మళ్లీ ప్రపంచ విజేత. ఇక్కడ ఆగి, "మరి 1996లో అట్లాంటా ఒలింపిక్స్ వచ్చాయి కదా, ఆవిడకు ఏ పతకం వచ్చి ఉంటుంది?" అని అడుగుతాను. బంగారం అని అందరూ ఒకే గొంతుతో అరుస్తారు. బోర్డు మీద 1996 పక్కన ఒక గీత గీస్తాను. ఏమీ రాలేదు. ఆవిడ ఓడిపోయి కాదు. ఆడవాళ్లకు పోటీయే పెట్టలేదు.

ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి, ఆడపిల్లలవి మరీ. కోపం వస్తుంది వాళ్లకు. ఆ కోపాన్ని మాటలతో చల్లార్చకండి. ఒక్క నిమిషం అలాగే ఉండనివ్వండి. నా మటుకు నాకు మొత్తం కథలో ఆ పతకం కన్నా ఈ గీతే ముఖ్యం.

తర్వాత సిడ్నీ. 2000 సెప్టెంబర్ 19. అప్పటికి ఆవిడకు 25 ఏళ్లు. 54 కిలోల విభాగంలో గెలిచిన మనిషి ఇప్పుడు 69 కిలోల విభాగంలో నిలబడ్డారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 (ఎత్తే పద్ధతులు రెండు, తేడా కింద చెప్తాను). మొత్తం 240 కిలోలు.

ఇక్కడ అంకెను వదిలేసి బస్తాలు తెప్పించండి. మధ్యాహ్న భోజనం బియ్యం ఉండే గదిలోంచి నేను 25 కిలోల బస్తాలు ఐదు తెప్పిస్తాను, పక్కన ఐదు కిలోల సంచి ఒకటి. వరుసగా పెడితే 130. ఎత్తే పని మటుకు జాగ్రత్త: ఒక్కో బస్తాకు ఇద్దరేసి, అదీ తొమ్మిది పది తరగతుల పిల్లలే. నడుం వంచకూడదు, మోకాళ్లు వంచాలి. బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. మోకాలి ఎత్తు దాకా చాలు. ఒంటరిగా ఎత్తి చూపిస్తానని ఒకడు కచ్చితంగా ముందుకొస్తాడు. వాడిని ఆ సంచి దగ్గర నిలబెట్టి లెక్క చెప్పమనండి, పరువూ దక్కుతుంది, నడుమూ దక్కుతుంది.

అందరూ ఒక బస్తా బరువు చూశాక, "ఈ ఐదూ, ఆ సంచీ కలిపి ఒక్క మనిషి, నేల మీంచి భుజాల దాకా, అక్కణ్నుంచి తల మీదికి" అంటాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వెంటనే అంది: "బస్తా అయితే జారిపోతాది మేడం. ఇనుమైతే పట్టుకోడానికి ఉంటాది కదా." మంచి మాట. పట్టు గురించి చెప్పడానికి అంతకన్నా దారి ఏం కావాలి?

కర్రలు అందుకు. చీపురు కర్ర లావున ఉంటే సరిపోతుంది. బొటనవేలిని కర్రకు ఆనించి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు మూయమనండి. హుక్ గ్రిప్ అంటారు దీన్ని. మామూలుగా మనం బొటనవేలిని పైన వేసి పిడికిలి బిగిస్తాం, లిఫ్టర్లు బొటనవేలిని లోపల పెడతారు. గట్టిగా బిగిస్తే నొప్పి పుడుతుంది. "నొప్పెడతంది మేడం" అంటారు. ఉత్త కర్రకే ఇలా ఉంటే 130 కిలోలకు ఎలా ఉంటుందో అనుకోమనండి. ఆ బార్ ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఇప్పుడు ఆడవాళ్ల పోటీల్లో వాడే ఖాళీ బారే 15 కిలోలు. ప్లేట్లు జారకుండా రెండు వైపులా బిగించే కాలర్లు రెండున్నర, రెండున్నర. 25 కిలోల ప్లేట్ ఎర్రగా ఉంటుంది. 130 కావాలంటే అటు రెండు ఎర్రవి, ఇటు రెండు ఎర్రవి, చెరో వైపు ఇంకో ఐదు. లెక్కల మాస్టారు అక్కడే ఉంటే కూడిక ఆయన చేత చేయించండి, ఆయనకూ సరదా.

స్నాచ్‌కీ క్లీన్ అండ్ జెర్క్‌కీ తేడా కర్రతోనే చూపించాలి. స్నాచ్ అంటే నేల మీంచి ఒకే ఊపులో తల పైకి. రెండోదాంట్లో ముందు భుజాల మీదికి తెచ్చుకుని, లేచి నిలబడి, అక్కణ్నుంచి పైకి తోస్తారు. ఇద్దరు పిల్లల చేత చేయిస్తే ఒక నిమిషం పని.

ఇక చివరి ఘట్టం. దీన్ని నేను చెప్పను, వాళ్ల చేతే ఆడిస్తాను. బోర్డు మీద మూడు పేర్లు రాస్తాను: చైనా లిన్ వైనింగ్ 242.5, హంగరీ ఎర్జెబెత్ మార్కుస్ 242.5, మన మల్లీశ్వరి 240. రెండు నియమాలు చెప్తాను: అప్పట్లో బరువును రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు, మొత్తం సమానమైతే ఒంటి బరువు తక్కువ ఉన్నవారిదే పైచేయి. "మీకు ఒక్క ప్రయత్నం మిగిలింది. ఎంత అడుగుతారు?" బడి అంతా కొట్టుకుంటుంది. భయస్తులు 132.5 అంటారు, లెక్క వచ్చినవాళ్లు 135 అంటారు. ఆవిడ ఏకంగా ఏడున్నర పెంచి 137.5 పెట్టించుకున్నారని చెప్పగానే ఒక్కసారి హోరు. బంగారం కోసం వెళ్లారు. లేవలేదు. కాంస్యం వచ్చింది. 135 అడిగి ఉంటే సరిపోయేది కదా మేడం అని ఒకడు నిలదీస్తాడు. దానికి నేను జవాబివ్వను. నాలుగు రోజులు గ్రౌండ్‌లో అదే వాదన నడవాలి, మనకు కావాల్సింది అది.

చివర్లో రెండే వాక్యాలు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడ. సిడ్నీలో మన దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. అంతే, బెల్ కొట్టించేయండి.

అంకెలు సరిచూసుకోండి

వాట్సాప్‌లో తిరిగే పోస్టులు చూసి చెప్పొద్దు. మల్లీశ్వరి గారు "240 కిలోలు ఒక్కసారిగా ఎత్తారు" అని రాసినవి నేనే చాలా చూశాను. అది రెండు ఎత్తుల మొత్తం. పదో తరగతి పిల్లవాడు ఫోన్‌లో వెతికి పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పిన మిగతావీ నమ్మడు. ఒలింపిక్స్ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో పాత ఫలితాలన్నీ ఉంటాయి. ప్రతి అంకెనూ ఒకసారి అక్కడ, ఒకసారి ఆనాటి పేపర్లలోనో మరోచోటో చూసుకుని కాగితం మీద రాసుకోండి.

"మొట్టమొదటి" అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త. కాథరిన్ స్విట్జర్ బోస్టన్ మారథాన్ పరిగెత్తిన మొదటి మహిళ అని చాలామంది చెప్పేస్తారు. ఆమె పరిగెత్తింది 1967లో. అంతకు ముందు ఏడాదే బాబీ గిబ్ నంబర్ లేకుండా, మొదట్లో పొదల చాటున దాక్కుని, గుంపులో కలిసి పరుగు పూర్తి చేసింది. స్విట్జర్‌ది వేరే ఘనత. కె.వి. స్విట్జర్ అని పేరు నమోదు చేసుకుని, 261 నంబర్ తగిలించుకుని బరిలో దిగింది. ఇలా విడదీసి చెబితే ఒకరి గొప్ప ఇంకొకరికి పోదు.

ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజునే క్రీడా దినోత్సవం చేస్తున్నాం కాబట్టి ఆయన పేరు రాక తప్పదు. హిట్లర్ ఆయనకు ఉద్యోగం ఇస్తానన్నాడనే కథ ప్రతి ఉపన్యాసంలోనూ ఉంటుంది. నేను చెప్పను. 1936 ఆగస్టు 15న బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్‌లో జర్మనీని వాళ్ల గడ్డ మీదే 8-1తో ఓడించారు. ఆ స్కోరు ఉండగా హిట్లర్ మెచ్చుకోలు మనకెందుకు?

పేదరికం దండకం వద్దు

ఇది నా గట్టి అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు. "కటిక పేదరికంలో పుట్టి, తినడానికి తిండి లేక" అని మనం మైకులో అంటున్నప్పుడు, ఎదురుగా కూర్చున్నవాళ్లలో పొద్దున్న గంజి తాగి వచ్చినవాళ్లుంటారు. వాళ్ల ఇంటి సంగతిని మనం అందరి ముందూ విప్పినట్టే. తలలు దించుకుంటారు. పేదరికం కథకు అవసరమైతే ఒక వస్తువుగా చెప్పండి: ఏది అమ్మారు, ఏది కొన్నారు, బస్సు చార్జీ ఎవరిచ్చారు. దీప్తి వాళ్ల కుటుంబం అవసరానికి కాస్త పొలం అమ్ముకుంది. పోటీల్లో గెలిచిన డబ్బుతో ఆ అమ్మాయి మళ్లీ పొలం కొనిపెట్టింది. ఈ ఒక్క మాట చాలు. రైతు బిడ్డలకు పొలం తిరిగి కొనడమంటే ఏమిటో మనం విడమర్చి చెప్పాలా?

కన్నీళ్లూ అంతే. మీ గొంతు పూడుకుపోతే పిల్లలు మిమ్మల్ని చూస్తారు, కథను వదిలేస్తారు.

దీప్తి కథకు విజిల్ కావాలి

దీప్తి జీవాంజిది వరంగల్ జిల్లా కల్లెడ. పుట్టుకతోనే మేధోపరమైన ఎదుగుదలలో లోపం ఉంది. ఊళ్లో కొందరు ఏమేమి పేర్లు పెట్టి పిలిచారో పత్రికల్లో వచ్చింది. ఆ పేర్లను మీరు పిల్లల ముందు పలకొద్దు. మీ బడిలోనూ అలాంటి బిడ్డ ఉండే ఉంటుంది, మధ్యాహ్నానికల్లా ఆ పేరు ఆ బిడ్డకు అంటుకుంటుంది. "పేర్లు పెట్టి ఏడిపించేవాళ్లు" అంటే చాలు, ఎవరు ఎవర్ని ఏడిపిస్తున్నారో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు.

కథ వేదిక మీద వద్దు, గ్రౌండ్‌లో చెప్పండి. మా గ్రౌండ్‌లో 400 మీటర్ల ట్రాక్ పట్టదు, సున్నంతో 200 మీటర్లది గీస్తాం. రెండు రౌండ్లు. బాగా పరిగెత్తే పదో తరగతి కుర్రాణ్ని పిలిచి రెండు రౌండ్లు కొట్టమంటాను. స్టాప్‌వాచ్ ఒక పిల్ల చేతిలో, విజిల్ నా నోట్లో. 55.82 సెకన్లకు విజిల్. మా బడిలో ఎంత గట్టివాడైనా ఆ విజిల్ పడేసరికి ఆఖరి మలుపు దగ్గరే ఉంటాడు. వాడిని ఉన్నచోటే ఆగిపొమ్మని, అక్కడ ఒక కర్ర పాతించి, గీత దాకా అడుగులు లెక్కపెట్టిస్తాను. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లలో దీప్తికి కాంస్యం తెచ్చిన టైం 55.82. "ఆ అమ్మాయి అప్పటికే గీత దాటేసింది, నువ్వు ఇంకా ఇక్కడున్నావు" అంటే, పరిగెత్తినవాడు ఎగశ్వాసతోనే నవ్వుతాడు. వాడికి ముందే చెప్పి ఒప్పించుకోండి, అవమానంగా ఉండకూడదు.

టీ20 అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పాలి. పరుగులో, గెంతుల్లో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం అది. వరసగా ఒకే వేగంతో పరిగెత్తడం, ఎప్పుడు ఊపు పెంచాలో చూసుకోవడం వాళ్లకు మనకన్నా కష్టం. 400 మీటర్లంటేనే వేగాన్ని పంచుకోవాల్సిన పరుగు. మొదటి రౌండ్‌లోనే ఊపిరంతా ఖర్చు పెట్టిన మన కుర్రాడి అవస్థ పిల్లలు ఇప్పుడే చూశారు కాబట్టి వెంటనే అర్థమవుతుంది. కోచ్ నాగపురి రమేశ్ గారి పేరు కూడా చెప్పండి. ఆయన ఆ పరుగును చూసి ఉండకపోతే ఏమయ్యేదో.

ఇంకొకటి. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో దీప్తి 55.07తో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ హీట్స్‌లోనే (ఫైనల్‌కు ముందు పరుగుల్లోనే) టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ దాన్ని బద్దలు కొట్టింది. "అయ్యో" అంటారు పిల్లలు. రికార్డులంటే అంతే, మీరు పెట్టిన బడి రికార్డు కూడా అంతే అని చెప్పి ముందుకు పోతాను.

ఆడి చూపించగలిగితే ఆడించండి

స్విట్జర్ కథకు మాటలే అక్కర్లేదు. ఒక పిల్ల వీపుకు 261 అని రాసిన కాగితం పిన్నుతో తగిలించండి. ఆ పిల్ల పరిగెత్తుతుంటే ఇంకొకరు నిర్వాహకుడిలా వెనక నుంచి వచ్చి ఆ కాగితం పీకబోవాలి, మరొకరు అడ్డొచ్చి పక్కకు నెట్టాలి. 1967లో బోస్టన్ రోడ్డు మీద జరిగింది ఇదే. నిర్వాహకుల్లో ఒకడైన జాక్ సెంపుల్ పట్టుకోబోతే, పక్కనే పరిగెత్తుతున్న ఆమె స్నేహితుడు అతణ్ని తోసేశాడు. ఆమె పరుగు ఆపలేదు. ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. నాటకం మూడు నిమిషాలు, నవ్వులు అరగంట. కాగితం మెత్తగా ఉండాలి, పిన్ను చొక్కాకే గుచ్చాలి.

నిఖత్ కథలో ఓటమి దాచకండి. 2019 చివర్లో మేరీ కోమ్‌తో ట్రయల్ (జట్టు ఎంపిక పోటీ) పెట్టమని పట్టుబట్టి, బరిలో దిగి, 9-1తో ఓడిపోయింది. మేరీ కోమ్ అంటే అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేత. పెద్దవాళ్లను అడగడమే తప్పన్నట్టు మాట్లాడినవాళ్లున్నారు. రెండున్నరేళ్లకు, 2022 మేలో, ఇస్తాంబుల్‌లో 5-0తో ప్రపంచ విజేత అయ్యింది. తర్వాతి ఏడాది ఢిల్లీలో మళ్లీ. 9-1, 5-0 పక్కపక్కన రాసి పెడితే చాలు, వ్యాఖ్యానం వద్దు.

పిల్లలు అడిగేవి

ఒకటి తప్పకుండా వస్తుంది: "మేడం, ఆవిడకి ఎన్ని డబ్బులొచ్చాయి?" దీనికి కసురుకోకండి. ఆటతో ఉద్యోగం వస్తుందా అని వాడు అడుగుతున్నాడు, వాళ్ల నాన్న అడిగే ప్రశ్నే అది. స్పోర్ట్స్ కోటా అనేది ఉందనీ, మల్లీశ్వరి గారు ఎఫ్‌సీఐలో (భారత ఆహార సంస్థలో) పనిచేశారనీ, నిఖత్ తెలంగాణ పోలీసులో డీఎస్పీ అయ్యిందనీ చెప్పండి. అందరికీ రాదనీ, చదువు వదలొద్దనీ కూడా ఆ నోటితోనే చెప్పండి.

రెండోది ఆడపిల్లలు అందరి ముందూ అడగరు. అసెంబ్లీ అయ్యాక పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ అడుగుతారు: బరువులెత్తితే పిల్లలు పుట్టరటగా, ఒళ్లు మగాళ్లలా అయిపోతుందటగా. నిజం కాదని సూటిగా చెప్పండి. మల్లీశ్వరి గారికి సిడ్నీ తర్వాతి ఏడాదే కొడుకు పుట్టాడు. నెలసరి రోజుల్లో గ్రౌండ్‌కు రావచ్చా అనేది దాని వెనకే వస్తుంది. ఒంట్లో బాగుంటే రావచ్చు, లేకపోతే కూర్చోవచ్చు, నాకు కారణం చెప్పనక్కర్లేదు, రుమాలు చేతికి కట్టుకుంటే నేనే అర్థం చేసుకుంటానని మా పిల్లలతో ఒప్పందం. బడిలో ఉన్నది మగ పీఈటీ అయితే, ఈ మాట చెప్పడానికి ఒక మేడంను ముందే పక్కన పెట్టుకోండి.

చెప్పిన మర్నాడు

కథ బాగా చెప్పారనుకోండి, మర్నాడు పొద్దున్నే ఇద్దరు ముగ్గురు మీ ముందు నిలబడతారు. "నేనూ చేరతాను మేడం" అని. అప్పుడు మీ దగ్గర ఏమీ లేకపోతే, కథ చెప్పకుండా ఉండటమే నయం. అందుకే మైకు పట్టుకునే ముందే కొన్ని సిద్ధం చేసుకుంటాను.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ సెలెక్షన్లు అండర్-14, అండర్-17 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, అక్కణ్నుంచి రాష్ట్రానికి వెళ్తాయి. ఆ ఏటి తేదీలు మండల పీఈటీల గ్రూపులో వస్తాయి, చూసుకుని ఉండండి. ఇంకా చిన్న తరగతుల పిల్లలైతే తెలంగాణలో హకీంపేట, ఆంధ్రలో కడప క్రీడా పాఠశాలలున్నాయి. అక్కడ తీసుకునే ముందు ఎత్తు, బరువు, నిలబడి దూకే దూరం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, 800 మీటర్ల పరుగు లాంటివి చూస్తారు. వీటిలో చాలావరకు మన గ్రౌండ్‌లోనే టేపు పెట్టి ముందే కొలుచుకోవచ్చు. వెయిట్‌లిఫ్టింగ్ అడిగే పిల్లకు మొదటి కొన్ని నెలలూ కర్రే. నేర్పే మనిషి పక్కన లేకుండా ఇనుము ముట్టనివ్వను.

ఇంట్లో ఒప్పించే పని నాన్నతో మొదలుపెట్టకండి, నాయనమ్మతో మొదలుపెట్టండి. మా వైపు ఇళ్లలో ఆవిడ ఊ అంటే అందరూ ఊ అంటారు. సాయంత్రం వెళ్లి అరుగు మీద కూర్చుని, ఎన్నింటికి తీసుకెళ్తాను, ఎన్నింటికి ఇంటి దగ్గర దించుతాను, వెంట ఇంకెవరి పిల్లలు వస్తున్నారు, ఈ మూడూ చెప్పాలి. పతకాల గురించి ఆవిడ అడగదు. చీకటి పడకముందే వస్తుందా అని అడుగుతుంది.

అన్నిటికన్నా ముందు కాగితాలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, హెచ్‌ఎం సంతకం ఉన్న ఎంట్రీ ఫారం, ఫొటోలు. బడి రిజిస్టర్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉండి, లేదా ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా వచ్చి, సెలెక్షన్ గ్రౌండ్ దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. జూలైలోనే మీ జాబితాలోని పిల్లల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో అడిగి, ఆధార్ సెంటర్‌కు పంపి సరిచేయించండి. సెలెక్షన్ల వారంలో పరిగెత్తితే ఆ పని కాదు, సర్వర్ కూడా ఆ వారమే పనిచేయదు.